ఒక నిప్పా, రెండు నిప్పులా? – వంటపొయ్యియు, నీళ్ళ హమామును

శీతల దేశములలో ఇల్లు కట్టుకొనువారిని ఒక ప్రశ్న తరచుగా వేధించుచుండును. ఐర్లండులోను, ఇంగ్లండు పల్లెలలోను గ్యాసు గొట్టములు చేరని ఇండ్లకు చమురే ఆధారము. ఇంటి వెనుక తొట్టిలో చమురు నిలువయుంచుకొని చలికాలమంతయు దానిని కాల్చుకొందురు. ఆ చమురును వంటయింటిలోని పెద్ద యినుప పొయ్యిలో కాల్చి, ఆ ఒక్క నిప్పుతోనే రొట్టె కాల్చుట, కూర వండుట, స్నానమునకు నీరు కాచుట, గదులు వెచ్చజేయుట అన్నియు జరుపుకొనవలెనా? లేక వంటకు చిన్న పొయ్యి యొకటి యుంచుకొని, నీటికిని గదులకును ప్రత్యేకముగ ఒక బాయిలరు అమర్చుకొనవలెనా? మొదటిదానిని వారు రేంజి యందురు. ఆ జాతి పొయ్యిలలో మిక్కిలి పేరుపొందిన ఆగా పొయ్యిని 1922లో రూపొందించినవాడు స్వీడను దేశీయుడైన గుస్తావ్ డాలెన్. ఈయన 1912లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి పొందెను. ఆ సంవత్సరమే ప్రయోగము నడుపుచుండగా సంభవించిన ప్రేలుడులో కన్నులు కోల్పోయెను. చూపులేని ఆ శాస్త్రజ్ఞుడు తన శేషజీవితములో కొంత భాగమును వంటయింటి నిప్పునకు వెచ్చించెననుట మాకు ఎంతయు గౌరవపాత్రముగ తోచును.

శిరివెళ్లలో గది వెచ్చజేసికొనవలసిన యవసరము ఎవరికిని లేదు. మే నెలలో గదిని చల్లబరచుకొనుటయే ఇక్కడి సమస్య. ఐనను ఆ శీతల దేశపు ప్రశ్న మన పెరటిలోను ఉన్నది. వంటకును స్నానపు నీటికిని ఒకే నిప్పు చాలునా, రెండు నిప్పులు కావలెనా? నంద్యాల మొదలు ఆళ్ళగడ్డ వరకు గల గ్రామములలో ప్రతి గృహిణియు దీనికి ఏదో ఒక సమాధానము చెప్పుకొనియే యున్నది. ఐతే ఆ సమాధానమును కూర్చుండి ఆలోచించి చెప్పుకొన్నవారు తక్కువ. పొయ్యి పెద్దలనాటినుండి అక్కడ నున్నది. హమాము పెండ్లిలో వచ్చినది. అంతే.

ముందుగా మాటలు చూతము. తెలుగులో 'కాగు' అనునది క్రియ. నీరు కాగును, పాలు కాగును. అదే మాట నామవాచకమై నీళ్ళు కాచు పెద్ద పాత్రకు పేరైనది. పని పేరే పాత్రకు వచ్చుట తెలుగునకు సహజము. ఇక 'హమామ్' అరబ్బీ పదము. వేడిమిని తెలుపు ధాతువునుండి పుట్టి, వేన్నీటి స్నానశాలకు పేరైనది. పర్షియను, ఉర్దూ భాషలగుండా దక్కనునకు వచ్చి, ఇక్కడ స్నానశాలను విడిచి నీళ్ళు కాచు రాగి బాయిలరుమీద నిలిచినది. మన ప్రాంతపు ముస్లిము కుటుంబములలో 'హమాము వెలిగించితిరా?' యనగా ఆ రాగి పాత్ర క్రింద నిప్పు పెట్టితిరా యని యర్థము. అంగళ్ళలో ఆ పేరున సబ్బు దొరకుచుండుటచే నేటి విద్యార్థులు కొందరు హమామనగా సబ్బనియే తలంచుచున్నారు! కాగు తెలుగువారిది, హమాము తురకలది యని విభజింప బూనుట వ్యర్థము. రెడ్ల యిండ్లలో హమాములును, మన యిండ్లలో కాగులును చిరకాలమునుండి కలవు.

ఈ రెండింటి నిర్మాణములోనే మన ప్రశ్నకు మూలమున్నది. కాగు పొయ్యిమీద కూర్చుండు పాత్ర. నిప్పు దాని అడుగును మాత్రమే తాకును. మంటలో అధికభాగము ప్రక్కలనుండి తప్పించుకొనిపోవును. హమాములో అట్లుగాదు. నిలువెత్తు రాగి పాత్ర నడుమగా ఒక గొట్టము క్రిందినుండి పైకి పోవును. గొట్టపు అడుగున ఇనుప జల్లెడ, దానిమీద నిప్పు, దాని క్రింద బూడిద రాలు చోటు. గొట్టము చుట్టును నీరే. పొగ పైకిపోవు దారిలో తన వేడిమిని నీటికి అప్పగించి పోవలసినదే. ఆవిరియంత్రపు బాయిలరులో నిప్పుగొట్టములు నీటినడుమ నడచును గదా! ఆ సూత్రమే మన పెరటిలోను పనిచేయుచున్నది.

కాని నిప్పు రెండుచోట్ల వేయుట వ్యర్థముకాదా? ఒకే నిప్పుతో రెండు పనులును జరుపుకొనరాదా? ఈ యాలోచన తెలుగునాటి విజ్ఞానచరిత్రలో ఒక చక్కని పుటను వ్రాసినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజు గారు పొగలేని పొయ్యి నొకదానిని రూపొందించి, 1953లో 'లక్షలాది ప్రజలకు పొగలేని వంటయిండ్లు' అను అర్థమిచ్చు పేరుతో ఇంగ్లీషున చిన్న పుస్తకము ప్రకటించిరి. మట్టితోనే కట్టుకొనదగిన ఆ పొయ్యిలో నిప్పుగూడు ఒక్కటే. వేడిగాలి లోపలి దారివెంట వరుసగా పాత్రల క్రిందుగా నడచి, చివరకు పొగగొట్టముగుండా కప్పు దాటి వెలుపలికి పోవును. మొదటి కంతపై అన్నము, తరువాతిదానిపై పప్పు, కట్టకడపట మిగులు వేడికి నీళ్ళు. ఇది మన మట్టి రేంజి! ఇంగ్లండున బరువైన పోతయినుముతో చేసినదానిని ఆయన ఎర్రమట్టితో చేయదలచిరి.

ఆ భావము గొప్పది. ఆచరణలో అది ఎందుకు నిలువలేదో చెప్పుట అవసరము. కేంద్రప్రభుత్వము 1983లో మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించి, దేశమంతటను మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించి, 2002లో దానిని నిలిపివేసెను. వానిలో పెక్కులు కొలది సంవత్సరములకే మూలబడెను. పొగగొట్టమున మసి పేరుకొనును, తుడుచువారుండరు. కొలత తప్పి కట్టిన పొయ్యిలో గాలి ఆడదు. వీటన్నిటికి మించిన చిక్కు మరియొకటి కలదు. పలు కంతల పొయ్యి అన్ని కంతలపైని పాత్రలున్నప్పుడే లాభకరము. ఒక కంత ఖాళీగా నున్నచో పొగయంతయు ఆ దారినే ఇంటిలోనికి వచ్చును. అన్నము వండు వేళయు, స్నానము చేయు వేళయు, కూర వండు వేళయు ఒక్కటైననే ఆ పొయ్యి తన పేరు నిలుపుకొనును. ఇంటి పనులు అట్లు కలిసిరావు.

ఇచ్చట కొంత లెక్క వేయుదము. తెలుగు శాఖవారు లెక్కలు చెప్పుట విచిత్రమే యైనను, ఈ విషయమున లెక్కలేని మాట పొగవలె కన్ను మూయించును. ఒక బకెట్టులో 20 లీటర్ల నీరు పట్టుననుకొందము. జనవరి తెల్లవారుజామున ఆ నీటిని 22 డిగ్రీలనుండి 42 డిగ్రీలకు తేవలెను. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలో కేలరీ పట్టును గనుక, బకెట్టునకు 400 కిలో కేలరీలు. ఇంట ఐదుగురున్నచో 2,000. ఇది నీటికి చేరవలసిన వేడి. నీటికి ఎంత చేరును, గాలికి ఎంత పోవును అనుటయే అసలు సంగతి.

ఎండిన కట్టె కిలో కాలినచో సుమారు 3,500 కిలో కేలరీలు వచ్చును. మూడురాళ్ళ పొయ్యిమీద అందులో పదవవంతుకు కొంచెము మించి మాత్రమే పాత్రకు చేరును. నూటికి 12 వంతులని వేసికొన్నచో, ఐదుగురి స్నానమునకు అయిదు కిలోలకు కొంచెము తక్కువ కట్టె కావలెను. నూనె స్టవ్వు ఇంతకంటె పొదుపరి. కిరోసిను కిలోకు పదివేల కిలో కేలరీలకు పైగా ఇచ్చును. అందులో సగము పాత్రకు చేరినను అర లీటరు నూనెతో పని తీరును. గ్యాసు కిలోకు సుమారు 11,000 ఇచ్చును. వాడుకలో నూటికి 60 వంతులు చేరుననుకొన్నచో 300 గ్రాములు చాలును. విద్యుత్తు యూనిటు ఒక్కింటికి 860 కిలో కేలరీలు. గీజరు తొట్టినుండి పోవు వేడిని కలుపుకొని రెండున్నర యూనిట్లు. వెయ్యి వాట్ల హీటరు కడ్డీ ఒక బకెట్టు కాచుటకు అరగంట తీసికొనుటకు కారణమిదియే.

దినమునకు 300 గ్రాముల గ్యాసనగా స్వల్పమే యనిపించును. కాని నెలకు తొమ్మిది కిలోలు. 14.2 కిలోల సిలిండరులో ఇది మూడింట రెండు వంతులకు దాపు. అనగా చలి రెండు నెలలలో స్నానపు నీళ్ళే ఒక సిలిండరును మ్రింగి, రెండవదానిలో కొంత తినును. ఇంత వ్యయమునకు మన గృహిణి ఒప్పుకొనదు. ఆమె లెక్క తప్పుకాదు. మన రాష్ట్రమున 1999లో దీపం పథకము వచ్చెను. 2016లో కేంద్రము ఉజ్జ్వల పథకమును తెచ్చెను. 2024లో రాష్ట్రప్రభుత్వము రెండవ దీపము పేరున ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగ నిచ్చుట మొదలిడెను. ఇవి మేలు చేసినవనుటలో సందేహము లేదు. వంటయింటి గోడలు తెల్లబడినవి. కాని ఉచితముగ వచ్చిన మూడు సిలిండర్లను ఆమె అన్నమునకు, కూరకు, పిల్లల పాలకు దాచుకొనును. స్నానపు నీళ్ళకు పెరటిలో కట్టె యుండనేయున్నది; కొనవలసిన పని లేదు.

అందుచేత గ్యాసు వచ్చినను పొగ ఇల్లు విడువలేదు. అది వంటయింటినుండి పెరటికి మారినది, అంతే. ఈ మాటను మేము ముఖ్యముగ చెప్పదలచితిమి. ఇంట గ్యాసున్నదా యని జనగణనవారు అడుగుదురు, ఉన్నదని వ్రాసికొందురు. తెల్లవారుజామున ఐదు గంటలకు హమాము ముందు కూర్చుండి ఊదుగొట్టముతో నిప్పు రాజేయుచున్న స్త్రీ ఆ కాగితములో కనబడదు. గృహములలోని పొగచే కలుగు వాయుకాలుష్యమువలన 2020 సంవత్సరమున ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ కాలుష్యము వంటచేతనే పుట్టునని మనము తలంచుచున్నాము. నీళ్ళపొయ్యి పొగ వేరు ఊపిరితిత్తులకు పోదు గదా!

పైగా హమాము ఏది వేసినను కాదనదు. సర్కారు తుమ్మ కంప, పత్తికట్టె, కందికట్టె, పిడకలు, కొబ్బరి చిప్పలు దానికి పాత ఆహారము. ఇప్పుడు పాలసంచులు, తెగిన చెప్పులు, ప్లాస్టికు గ్లాసులు కూడ దానిలోనికే పోవుచున్నవి. చెత్తయు పోయినది, నీళ్ళును కాగినవి యని సంతోషించుచున్నారు. కట్టెపొగ మంచిదికాదు; ప్లాస్టికు పొగ అంతకంటె మిక్కిలి విషపూరితము. పొగగొట్టము పెరటిగోడకన్న ఎత్తులేనిచోట ఆ పొగ ప్రక్కయింటి పసిబిడ్డ ఊయెల వరకు పోవును.

మరల మొదటి ప్రశ్నకు వత్తము. ఒక నిప్పా, రెండు నిప్పులా? ఇంగ్లండులో రేంజి నిలిచియుండుటకు కారణము అచటి చలి. పొయ్యినుండి తప్పించుకొనిన వేడి గదిని వెచ్చజేయును గనుక అది నష్టముకాదు. వేసవి వచ్చినప్పుడు ఆ వేడి వారికిని భారమగును. పలువురు ఆ నెలలలో రేంజిని ఆర్పివేయుదురు. అవసరమైనప్పుడు మాత్రమే మండు నేటి బాయిలరు చమురులోని వేడిలో నూటికి తొంబది వంతులవరకు నీటికి చేర్చగలదు. చలిదేశముననే లెక్క ఇట్లుండగా, ఏడాదిలో ఎనిమిది నెలలు ఉక్కపోతయైన కుందూ తీరమున మనము వంటయింటిలో పెద్ద నిప్పు పెట్టుకొనుటకు కారణమేమి? వంటయింట తప్పించుకొనిన ప్రతి కేలరీయు వండునామె శరీరముమీదనే పడును. కాబట్టి ఈ దేశమునకు రెండు నిప్పులే తగునని మా యభిప్రాయము. వంట నిప్పు చిన్నదిగ, శుభ్రముగ, ఇంటిలో నుండవలెను. నీళ్ళ నిప్పు ఇంటికి దూరముగ నుండవలెను. సాధ్యమైనచో అసలు నిప్పే కాకుండవలెను.

ఒక్క రంజాను మాసము ఇందుకు మినహాయింపువలె కనబడును. సహరీకి వంటయు, ఫజరు నమాజునకు వజూ నీళ్ళును, కొందరికి స్నానపు నీళ్ళును ఒకే గంటలో కావలసివచ్చును. రెండు వేళలు కలిసివచ్చినవి గనుక ఒకే పొయ్యి చాలునని తోచవచ్చును. కాని చాంద్రమానపు సంవత్సరము సౌరమానముకన్న పది పదునొకండు దినములు చిన్నది. 2018లో మే, జూను నెలలలో వచ్చిన రంజాను వెనుకకు నడచి నడచి చలికాలము వైపు పోవుచున్నది. 2030లో జనవరి మొదటి వారమున ఒకసారియు, డిసెంబరు చివర మరియొకసారియు రానున్నది. వేసవి సహరీలో వేన్నీటిని అడుగువాడుండడు. జనవరి సహరీలో వృద్ధులు అడుగుదురు. ముప్పదిమూడేండ్లకు ఒకమారు తిరుగు చక్రమునుబట్టి ఇంటి పొయ్యిని కట్టుకొనలేము. వేరు నిప్పైనచో కావలసిన ఏడు వెలిగించుకొందుము, లేనియేడు మానుదుము.

కిరోసిను సంగతి త్వరగా ముగింతుము. స్వీడనునందే 1892లో పుట్టిన ప్రైమస్ జాతి పంపు స్టవ్వు మన పట్టణములను చాలకాలమేలినది. 1977లో ఇండియన్ ఆయిలువారి నూతన్ వత్తి స్టవ్వు నూనెను పొదుపు చేసినది. సీమనూనె కొరకు చౌకడిపోల వద్ద డబ్బాలు పట్టుకొని నిలిచిన తరము నేటికిని ఉన్నది. ఆ కాలము గడచిపోయినది. నూనెతో స్నానపు నీరు కాచుట అప్పుడును దుబారాయే.

ఇక నీటి కొరకు ఏ నిప్పు? విద్యుత్తు గీజరు చూచుటకు నిర్మలము. కాని మన గీజరులోని నిప్పు మన యింట లేకపోయినను మరియొకచోట ఉన్నది. అందులో కొంతభాగము కడప జిల్లా ముద్దనూరు సమీపమున రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రములో మండుచున్న బొగ్గు. బొగ్గులోని వేడిలో సుమారు మూడవవంతే విద్యుత్తగును. మనము దానిని తీగలగుండా తెచ్చుకొని మరల వేడిగా మార్చుకొందుము. ఈ దారి చుట్టుదారియే. గీజరునకు మరియొక శత్రువు మన నేలలోనే కలదు. భూగర్భశాస్త్రజ్ఞులు ఇచటి రాతిపొరలకు కోయిలకుంట్ల సున్నపురాయి యనియు, నంద్యాల షేలు అనియు పేర్లు పెట్టియున్నారు. సున్నపురాతిగుండా ఊరివచ్చిన బోరునీరు కఠినజలము. కాగినప్పుడు అందలి సున్నము విడివడి పాత్రకు తెల్లని పొరగా పట్టును. హమాములో ఆ పొర గోకి తీయవచ్చును. గీజరు కడ్డీకి పట్టినచో వేడి నీటికి చేరక కడ్డీయే కాలిపోవును. కాలువనీరో, మంచి కుళాయినీరో గలవారికి ఈ బాధ తక్కువ.

గ్యాసు గీజరును గురించి ఒక హెచ్చరిక. తలుపు మూసిన చిన్న స్నానపుగదిలో దానిని వెలిగించుట ప్రాణాపాయము. ప్రాణవాయువు చాలక మండినపుడు వెలువడు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు. స్నానమునకు పోయినవారు అట్లే స్పృహతప్పి పడిపోయి మరణించిన ఉదంతములు మన దేశమున పెక్కులు. దానిని గదికి వెలుపల బిగించి, గొట్టముతో నీళ్ళు లోనికి తెచ్చుకొనవలెను. హీటరు కడ్డీ బకెట్టులో నుండగా నీటిలో చేయిపెట్టి వేడి చూచుట కూడ అటువంటి సాహసమే.

మా యెంపిక సూర్యుడు. మన సీమకు వాన కరువున్నదేమోగాని ఎండకు కరువు లేదు. చలికాలమున ఆకాశము నిర్మలముగనే యుండును. అనగా వేన్నీరు కావలసిన నెలలలోనే ఎండ నమ్మదగినది. మిద్దెమీద రెండు చదరపు మీటర్ల పలక అమర్చినచో దినమునకు 100 లీటర్ల నీరు కాగును; ఇది మనము పైన లెక్కించిన ఐదుగురి స్నానము. పగలు కాగిన నీరు చుట్టును దట్టపు పొర కప్పిన తొట్టిలో మరునాటి ఫజరు వరకు వెచ్చగనే యుండును. బోరునీటి ఊర్లలో సన్నని రాగిగొట్టముల పలకకన్న గాజుగొట్టముల రకము మేలు. సున్నము పట్టినను గొట్టము లావైనది గనుక త్వరగా పూడుకొనదు, కడుగుటయు సులభము. మొదటి ఖర్చు ఎక్కువే. ఒక్కసారి అంత ధనము పెట్టలేని కుటుంబము నల్లని పూత పూసిన డ్రమ్మును ఎండలో నుంచుకొని, సాయంకాలమే పిల్లలకు స్నానములు చేయించుట మంచి ఉపాయము. తెల్లవారుజామున స్నానము పెద్దలకు మాత్రమే మిగిలినచో ఐదు బకెట్లు రెండగును. కట్టె కూడ ఆ పాళముననే తగ్గును.

అంతవరకు హమామును తీసివేయుమని మేము చెప్పము. దానిని మంచి స్థలమునకు మార్చుడు. వంటయింటి గోడకు ఆనించిన హమామును పెరటి చివరకు జరుపవలెను. పొగగొట్టము కప్పును దాటి పైకి పోవలెను. తడి కంప వేయరాదు. ఎండిన కట్టె పొగ తక్కువ, మంట ఎక్కువ. రంపపు పొట్టు దొరకు చోట పాత పొట్టుపొయ్యిని మరల వాడవచ్చును. అడుగున కంత గల డబ్బా నడుమ సీసా నిలిపి చుట్టును పొట్టు గట్టిగ దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగినచో ఏర్పడు గొట్టములో నిప్పు గంటలకొలది నిదానముగ మండును, ఊదువారు అక్కరలేదు. ప్లాస్టికును ఏ నిప్పులోను వేయరాదు. రాత్రియే హమాము నిండ నీళ్ళు పోసియుంచినచో తెల్లవారుజామున చీకటిలో ఖాళీ పాత్రకు నిప్పు పెట్టు ప్రమాదముండదు. నీరు లేనిచో లోపలి గొట్టపు అతుకుల టంకము కరగి, ఆ హమాము మరల నీరు నిలుపదు.